షోలాపురపు తెలుగు నేతవాడలు: దొమ్మి, దౌర్జన్య నేరముల విచారణలో ముద్దాయి రక్షణ

షోలాపుర నగరమునకు తూర్పుభాగమున సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, గణేశ పేట మొదలగునవి తెలుగు నేతగాండ్ర నివాసములు. కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలనుండి కరవువలన కొందరు, అప్పులవలన కొందరు, కూలిమీది ఆశతో కొందరు వచ్చి యిచట మగ్గపుగుంటలు త్రవ్వుకొనిరి. 1877లో షోలాపురపు మొదటి నూలుమిల్లు పని ప్రారంభించిన పిమ్మట మరికొందరు మిల్లులలో చేరిరి. ఈ పేటలను గూర్చి వ్రాసినవారు చాదరును ప్రశంసించిరి, మార్కండేయ మందిరమును వర్ణించిరి, విద్యాసంస్థల చరిత్రను కూర్చిరి. ఈ వాడలకును క్రిమినలు కోర్టునకును గల సంబంధము మాత్రము వ్యాసములలో అంతగా కనబడదు. అది గౌరవహానికరమని కాబోలు వదలివేసిరి. కాని యొక జనసముదాయము పరాయిభాషా ప్రాంతమున ఎట్లు జీవించినదో తెలిసికొనుటకు కోర్టు బోనును మించిన సాక్ష్యము మరొకటి లేదు.

కార్ఖానాయే ఇల్లు, ఇల్లే కార్ఖానా అయిన చోట తగవులు వేరుగానుండును. అసామి అని పిలువబడు కూలినేతగాడు యజమాని మగ్గముకడనే పనిచేసి, పెక్కుమారులు ఆ మగ్గముప్రక్కనే నిద్రించెడివాడు. ముందుగా తీసికొనిన బయానా తీరనిదే మరొక కార్ఖానాకు పోరాదు. పోయినచో కలహము. నీటికొళాయివద్ద కలహము, ఊరేగింపు దారినిగూర్చి కలహము, కల్లుదుకాణము ముంగిట కలహము. ఇట్టి వానిలో అధికభాగము కులపెద్దల యెదుట రాజీతో ముగిసెడిది. కొన్నిమాత్రము పోలీసుఠాణా మెట్లెక్కెను. అట్లు మెట్లెక్కిన తగవు ఏ సెక్షను క్రిందికి వచ్చును, ముద్దాయిని ఎవరు కాపాడవలెను, ఎంతవరకు కాపాడిన అది నిజమైన రక్షణ అనిపించుకొనును అనునవి ఈ వ్యాసమునకు విషయములు.

ముందుగా ఈ నగర చరిత్రలో అన్నిటికంటె పెద్ద దొమ్మి కేసును స్మరింపవలెను. 1930 మే 5వ తేదీన గాంధీమహాత్ముడు నిర్బంధింపబడిన వార్త షోలాపురమునకు చేరగనే నగరము కలతచెందెను. మిల్లుకార్మికులు పని మానిరి. మే 8వ తేదీన ఈతచెట్లు నరకుటతో ఆరంభమైన ఆందోళన పోలీసు కాల్పులకు దారితీసెను. శంకర శివదారే అను యువకుడు తుపాకి గుండునకు బలియయ్యెను. రెచ్చిన జనము మంగళవార పేట పోలీసుచౌకీపై పడెను. పోలీసులు హతులైరి. జిల్లాకోర్టు భవనము సైతము దగ్ధమయ్యెను. ఆపై కొన్నాళ్లు నగరమున ప్రభుత్వమన్నది లేక కాంగ్రెసు స్వచ్ఛంద సేవకులే వీథులను చక్కబెట్టిరి. మే 12వ తేదీన సైనికశాసనము ప్రకటింపబడి జూను 30వ తేదీవరకు అమలులోనుండెను. ఆ యేడు వారములలో గాంధీటోపీ సైతము అపరాధచిహ్నమయ్యెను. జెండా పట్టినవారికిని, సైనికాజ్ఞ మీరినవారికిని సంగ్రహవిచారణతో ఏండ్ల తరబడి కఠినశిక్షలు పడెను.

పోలీసుల హత్యకు సంబంధించిన అభియోగమున మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సార్డా అను నలువురకు మరణశిక్ష విధింపబడెను. 1931 జనవరి 12వ తేదీన ఎరవాడ కారాగారమున వారిని ఉరితీసిరి. ఒకడు లింగాయతు, ఒకడు ముస్లిము, ఒకడు మరాఠా, ఒకడు మార్వాడీ. నాలుగు తెగలవారు ఒకే దినమున ఉరికంబమెక్కుట ఈ బహుభాషా నగరమునకు తగిన విషాదమే. వారిలో తెలుగు నేతవాడకు చెందినవారు లేరు. ఐనను ఆ దినముల సమ్మెలో పాల్గొన్న మిల్లుకార్మికులలో తెలుగువారు పలువురుండిరి. నేటికిని నలుగురు హుతాత్ముల విగ్రహములముందు తెలుగువారును పూలమాలలు వేయుచున్నారు.

సైనికశాసనము న్యాయసమ్మతమా అను ప్రశ్న ఆ యేటనే బొంబాయి హైకోర్టుకు పోయెను. చెన్నప్ప శాంతిరప్ప పేరిటనున్న ఆ తీర్పు రాజ్యాంగశాస్త్ర గ్రంథములలో నేటికిని ఉదాహరింపబడుచున్నది. సైన్యమును దింపవలసిన అవసరము నిజముగ కలిగెనా లేదా యని విచారించు అధికారము కోర్టులకు కలదని అందలి ముఖ్యాంశము. ఇది షోలాపురము భారత న్యాయశాస్త్రమునకిచ్చిన కానుక అనవచ్చును. అయితే అది ప్రభుత్వాధికారమును గూర్చిన చర్చ. గుంపులో నిలుచున్న ఒక్కొక్క మనుష్యుని మెడకు ఉచ్చు ఎట్లు తగిలినదను చర్చ వేరు.

ఆ రెండవ చర్చకు మూలము 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు. ఐదుగురు, అంతకు మించినవారు నిషిద్ధోద్దేశముతో కూడిన అది శాసనవిరుద్ధ సమూహము. ఆ సమూహము బలప్రయోగమునకు దిగిన అది దొమ్మి. ఇంతవరకు సామాన్యునికిని తెలియును. తెలియనిది 149వ సెక్షను. సమూహపు సమానోద్దేశమును నెరవేర్చుటలో ఒక్కడు చేసిన నేరమునకు ఆ సమయమున ఆ సమూహములోనున్న ప్రతివాడును బాధ్యుడని ఆ సెక్షను చెప్పును. రాయి విసరినవాడొకడు, శిక్షపడువారు పదిమంది. నేరము జరుగునని తెలిసియుండుట చాలును, చేయి ఎత్తనక్కరలేదు. 2024 జులై 1వ తేదీనుండి పీనల్ కోడు స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఈ నియమము అందు 190వ సెక్షనుగా, మాటలు కొంచెము మారినను భావము మారక నిలిచియున్నది.

ఇట్టి సెక్షనునకు ఎదురుగా ముద్దాయికి మిగులునది ఒక్కటే వాదము: 'నేనక్కడ నిలిచియుంటిని, కాని వారిలో ఒకడను గాను'. నేతవాడల సందులు ఇరుకైనవి. అరుపు వినబడిన వెంటనే ప్రతి ఇంటినుండియు మనుష్యులు బయటికి వత్తురు. చూడవచ్చినవాడెవడు, కొట్టవచ్చినవాడెవడు? 1955లో బలాదిన్ కేసున సుప్రీంకోర్టు, కేవలము చోటనుండుటచేతనే మనుష్యుడు సమూహసభ్యుడు కాడనెను. 1964లో మసాల్తీ కేసున ఆ మాటను సవరించుచు, ప్రతివాడును స్వయముగా ఏదో చేసియుండవలెనన్న నిబంధన లేదనియు, కాని పెద్దగుంపు కేసులలో ఇద్దరు ముగ్గురో అంతకెక్కువ మందియో నమ్మదగిన సాక్షులు ఏకముగా చెప్పినప్పుడే శిక్షించుట జాగ్రత్తయగుననియు తీర్మానించెను. ఈ రెండు తీర్పుల నడుమనున్న సందులోనే రక్షకన్యాయవాది పని యంతయు కలదు. సాక్షి ఎచట నిలిచెను, దీపమున్నదా, ముద్దాయిని మునుపు ఎరుగునా, మొదటి ఫిర్యాదులో పేరున్నదా అను ప్రశ్నలను ముద్దాయి ముద్దాయికి వేరుగా అడుగవలెను. ఇరువదిమంది ముద్దాయిలకు ఒకే వకీలు ఒకే అడ్డుప్రశ్న వేసిన యెడల ఆ ఇరువదిమంది మరల ఒకే గుంపుగా మారిపోదురు. ప్రాసిక్యూషనుకు కావలసినదియు అదియే.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. వకీలు ఫీజును కార్ఖానాదారు చెల్లించి, అతని మనుష్యులును కూలినేతగాండ్రును ఒకే కేసున ముద్దాయిలైనచో వకీలు ఎవరి ప్రయోజనమును చూడవలెను? 'యజమాని కొట్టుమనెను' అని చెప్పుటయే ఒక కూలివానికి రక్షణ కావచ్చును. యజమాని సొమ్ముతో వచ్చిన వకీలు ఆ మాటను నోటనుండి రానిచ్చునా? ప్రయోజనములు ఎదురెదురైనప్పుడు న్యాయవాదులు వేరుగా ఉండవలెనన్న నియమము వృత్తిధర్మమున కలదు. కాని పేదవానికి ఆ నియమము అమలు కావలెనన్న రెండవ వకీలు కావలెను, రెండవ ఫీజు కావలెను.

గుంపు కేసులు అరుదు. నిత్యము వచ్చునవి ఒంటరి కొట్లాటలు. ఈ విషయమున శాసనము చేయు సూక్ష్మభేదములు లోకమునకు అంతగా తెలియవు. పీనల్ కోడు 351వ సెక్షను ప్రకారము దౌర్జన్యమనగా కొట్టుట కాదు. కొట్టబోవుచున్నాడను భయము కలుగునట్లు చేయి ఎత్తుటయే దౌర్జన్యము. వట్టి మాటలు దౌర్జన్యము కావు, కాని మాటలు చేతి కదలికకు ఆ యర్థము నీయవచ్చును. నేటి సంహితలో ఇది 130వ సెక్షను. దెబ్బ తగిలి నొప్పి కలిగినచో గాయము: 323వ సెక్షను, నేటి 115. ఎముక విరిగినను, పన్ను ఊడినను తీవ్రగాయము: 325, నేటి 117. కోయు, పొడుచు ఆయుధముతోనైనను, ఆయుధముగ వాడినయెడల ప్రాణము తీయదగిన వస్తువుతోనైనను కలిగించినచో 324 లేక 326, నేటి 118. శిక్ష 323 క్రింద ఏడాదికి మించదు. 326 క్రింద యావజ్జీవముదాక పోవును. ఒకే కలహము ఏ మెట్టున నిలుచునను నిర్ణయము వైద్యుని చీటిలోని రెండు పంక్తులపైనను, పంచనామాలోని ఒక్క నామవాచకముపైనను ఆధారపడియుండును.

నేతపనివాని చేతిలో కలహ సమయమున ఉండునది నాడె. మరమగ్గపు నాడెకు రెండువైపుల లోహపు మొనలుండును. కోపమున దానిని విసరినవాడు ఆయుధమును ప్రయోగించెనా, చేతిలోనున్న పనిముట్టును విసరెనా? శాసనము వస్తువు పేరును కాక దాని స్వభావమును, వాడిన తీరును చూడుమనును. అది ఎట్టి వస్తువో, ఎంత బరువో, ఏ వైపు తగిలినదో కోర్టుకు తెలుపువాడు లేనిచో పంచనామాలో వ్రాసిన మాటయే నిలుచును. మగ్గమునెరుగని వకీలునకు నాడెను కోర్టుకు తెప్పించి చూపవలెనన్న తోపు సైతము కలుగదు. చిన్న నేరములలో పోలీసులు ఎన్.సి. అని నమోదుచేసి పంపివేయుదురు. మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే వారు దర్యాప్తు చేయరాదు. ఇది కొందరికి రక్షణ, కొందరికి నిరాశ.

అసలు కష్టము భాష. షోలాపురపు కోర్టులలో వ్యవహారము మరాఠీ. నేతవాడ ఇంటి భాష తెలంగాణపు తెలుగు, అందు మరాఠీ పదములు కలసినవి. రెండు భాషలు వచ్చినవాడు బజారులో ఇబ్బందిపడడు. ఠాణాలో వాఙ్మూలము ఇచ్చునప్పుడు మాత్రము బజారు మరాఠీ చాలదు. ఒక ఉదాహరణము: తెలంగాణమున 'కొట్లాడినం' అనగా చేతులు కలుపకయే మాటామాట పెరిగినదను అర్థముకూడ కలదు. హక్కుకొరకు పోరాడుటయు కొట్లాటయే. దీనిని 'మారామారీ' యని మరాఠీలో వ్రాసినచో మాటలతగవు చేతులతగవై, చెప్పినవాడు తన నేరమును తానే ఒప్పుకొన్నట్లగును. మరొకటి ఇంకను అపాయకరము. మరాఠీలో 'కాఠీ' యనగా కర్ర. తెలుగున 'కత్తి' యనగా ఏమో చెప్పనక్కరలేదు. తెలంగాణమున కర్రను 'కట్టె' యందురు. కాఠీ, కట్టె, కత్తి: ఈ మూడింటికి చెవిలో నున్న దూరము అత్యల్పము, శాసనములో నున్న దూరము 323నుండి 324వరకు. 'దెబ్బ తగిలింది', 'దెబ్బ కొట్టిండు' అనువాని భేదమును సైతము గమనింపవలెను. మొదటిదానిలో కర్త లేడు, ఉద్దేశము లేదు. తర్జుమాచేయువాడు తొందరలో కర్తను చేర్చినచో ప్రమాదము నేరముగ మారును. వ్యాకరణము పిల్లలకు మాత్రమే పనికివచ్చునని తలచువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

శాసనకర్తలు ఈ ప్రమాదమును ఎరుగకపోలేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 361వ సెక్షను, ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము చెప్పబడినప్పుడు బహిరంగ న్యాయస్థానమున అతనికి తెలిసిన భాషలో వినిపింపవలెనని విధించెను. 1973 కోడున అది 279, 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 314. అదే 1898 కోడు 340వ సెక్షను, ముద్దాయికి వకీలుద్వారా రక్షణ పొందు హక్కునిచ్చెను. హక్కునిచ్చెనే గాని వకీలునీయలేదు. సొమ్మున్నవాడు తెచ్చుకొనవచ్చునని మాత్రమే దాని భావము. మరణశిక్ష పడదగిన కేసులలో నిరుపేదకు ప్రభుత్వవ్యయముతో వకీలునిచ్చు నియమములు కొన్ని హైకోర్టులు చేసికొనెను. గాయము, తీవ్రగాయము, దొమ్మి కేసులలోని సామాన్యునికి దిక్కులేకుండెను.

ఈ లోటు ఎంత ప్రాణాంతకమో నేతవారి పూర్వుల సీమయే చూపెను. పోలీసుచర్య తరువాత హైదరాబాదు రాష్ట్రమున సైనిక గవర్నరు ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పరచెను. తెలంగాణ సాయుధపోరాటమునకు సంబంధించిన హత్యాభియోగములపై 1949లో నల్లగొండ ప్రాంతపు రైతులకు ఆ ట్రిబ్యునళ్లు మరణశిక్షలు విధించెను. ఆ యేటి డిసెంబరులో హైకోర్టు వానిని ఖాయపరచెను. 1950 జనవరిలో, రాజ్యాంగము అమలులోనికి రాకమునుపే, ఉరితీయుటకు తేదీలు నిర్ణయింపబడి తుదక్షణమున ఆగెను. జనార్దనరెడ్డి, తదితరుల పేరిట వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయెను. ఇంగ్లండునుండి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించెను. తమకు న్యాయవాదిని ఏర్పాటుచేసికొను తగిన అవకాశము కలుగలేదన్నది ముద్దాయిల మొరలలో ముఖ్యమైనది.

ప్రిట్ వాదమునకు ఆధారములలో నొకటి అమెరికా తీర్పు. 1931లో అలబామా రాష్ట్రపు స్కాట్స్‌బరో పట్టణమున నల్లజాతి యువకులపై అత్యాచార నేరము మోపి, ఊరి వకీళ్లందరును వారి పక్షమేనని నామమాత్రముగ ప్రకటించి, కొలదిదినములలో మరణశిక్ష విధించిరి. అందరును వకీళ్లే యన్నచో ఎవడును వకీలు కాడు. 1932లో పావెల్ కేసున ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. మన సుప్రీంకోర్టు 1951 మార్చిలో తీర్పు చెప్పుచు ఆ సూత్రమును యథాతథముగ స్వీకరింపలేదు. న్యాయవాది లేనంతమాత్రమున ప్రతి విచారణయు చెల్లకపోదు, ముద్దాయికి దానివలన నష్టము వాటిల్లెనా యన్నదియే పరీక్ష యని పలికెను. ట్రిబ్యునలునకు అధికారమున్నంతవరకు దాని తప్పిదములను రిట్టుతో సరిదిద్దరాదని వ్యాజ్యమును త్రోసిపుచ్చెను. తరువాత ప్రజాందోళనవలన ఆ మరణశిక్షలు యావజ్జీవశిక్షలుగ మారెను. ప్రాణములు నిలిచినవి. కాని నిలిపినది శాసనము కాదు. నష్టమును నిరూపించు భారము వకీలు లేనివానిపైననే పెట్టుట ఎంత విపరీతమో ఆలోచింపుడు. వకీలున్నచో ఏ ప్రశ్న అడిగియుండునో వకీలు లేనివానికెట్లు తెలియును?

ఈ చిక్కును విడదీయుటకు పాతికేండ్లు పట్టెను. 1949లోనే బొంబాయి ప్రభుత్వము ఎన్.హెచ్. భగవతి అధ్యక్షతన న్యాయసహాయ సంఘము నియమించెను. 1968లో బషీరా కేసున సుప్రీంకోర్టు, విచారణ మొదలగు దినముననే వకీలును నియమించి సాక్షులను ప్రశ్నింపుమనుట రక్షణ కాదని మరణశిక్షను కొట్టివేసి పునర్విచారణకు పంపెను. సిద్ధపడుటకు సమయము లేని వకీలు లేనివానితో సమానమను భావము అప్పటినుండి స్థిరపడెను. గుజరాతుకు చెందిన రణ్‌ఛోడ్ మాథుర్ వసావా కేసున, పేదవాని పక్షమున అనుభవహీనుని నిలుపుట న్యాయము కాదనియు, కాగితములు, కాలము ఉభయము ఇవ్వవలెననియు తెలిపెను. 1976లో రాజ్యాంగమున 39-ఎ అధికరణము చేరెను. 1978లో మహారాష్ట్రకు సంబంధించిన హోస్కాట్ కేసున, తీర్పు నకలు ఖైదీకి ఉచితముగ నందవలెననియు, అప్పీలునకు న్యాయవాది నియ్యవలెననియు నిర్ణయమయ్యెను. 1986లో సుఖదాస్ కేసు మరింత ముందుకు పోయెను. ముద్దాయి అడుగలేదన్న సాకు చెల్లదనెను. తన హక్కు తనకు తెలియనివాడు అడుగునెట్లు?

అయినను కొలబద్ద యేది? వకీలుండుట ఒకటి, వకీలు పనిచేయుట మరొకటి. అమెరికా సుప్రీంకోర్టు 1984లో స్ట్రిక్లండ్ కేసున రెండు మెట్ల పరీక్షను పెట్టెను: వకీలు పని వృత్తిమర్యాదకు తగ్గియుండవలెను, ఆ లోటువలన ఫలితము మారియుండునన్న సహేతుకమైన సంభావ్యత ఉండవలెను. రెండవ మెట్టు చాల ఎత్తైనది. చాలమంది అచటనే జారిపడిరి. మనదేశమున అట్టి సూత్రము అంత కచ్చితముగ రూపొందలేదు. మన కోర్టులు అనుభవము, సమయము అను రెండు బాహ్యలక్షణములను పట్టుకొనెను. 2019 డిసెంబరులో అనోఖీలాల్ కేసున, అభియోగపత్రము చదివిన దినముననే వకీలును నియమించి రెండువారములలో మరణశిక్షదాక ముగించిన విచారణను కొట్టివేసిరి. యావజ్జీవ, మరణశిక్షలు పడదగిన కేసులలో కనీసము పదేండ్ల వృత్తి యున్నవారినే నియమింపవలెననియు, సిద్ధమగుటకు సాధారణముగ ఏడుదినముల గడువు తగుననియు చెప్పిరి. సామాన్య గాయపు కేసునకు ఈ కొలత వర్తింపదు. షోలాపురపు పేటలనుండి వచ్చు కేసులు అధికము ఆ క్రిందిమెట్టువే గనుక వానికి కొలత నేటికిని వకీలు మనస్సాక్షియే.

ఆ క్రిందిమెట్టున జరుగు అతిసామాన్యమైన పొరపాటు ఒకటి చెప్పవలెను. ముద్దాయి 'నేను కొట్టనేలేదు' అనును. నిజమునకు కొట్టెను, కాని ఎదుటివాడు ముందు కొట్టుటచేత కొట్టెను. శరీరరక్షణ హక్కు పీనల్ కోడు 96 మొదలు 106 వరకు, నేటి సంహితలో 34 మొదలు 44 వరకు విస్తరించి చెప్పబడినది. పూర్తి నిరాకరణముచేత ఆ హక్కు చేజారునని భయపడనక్కరలేదు. 1967లో మున్షీరామ్ కేసును తీర్చుచు సుప్రీంకోర్టు, ముద్దాయి నోట ఆ మాట రాకున్నను సాక్ష్యమునుండి అది తేలినచో పరిగణింపవచ్చుననెను. అయితే సాక్ష్యమునుండి తేలవలెనన్న ఫిర్యాది సాక్షులను అడిగినప్పుడే పునాది పడవలెను. ముద్దాయి వంటిమీది గాయమునకు వైద్యుని చీటి ఆనాడే తీసికొనియుండవలెను. కూలి పోవునని ఆసుపత్రికి పోనివాడు, వకీలు అడుగలేదు కనుక గాయము చూపనివాడు, రెండేండ్లకు తీర్పు దినమున చూపుటకు మచ్చయైన మిగులదు. ఇక జరిమానాతో పోవునని నేరమును ఒప్పుకొనువారు మరొక వర్గము. ఒక్కొక్క వాయిదా ఒక దినపు కూలిని మ్రింగును గనుక వారి లెక్క వారిది. ఆ యొప్పుకోలు వెనుక శాశ్వతముగ నిలుచు నమోదును గూర్చి వారికెవరును చెప్పరు. 323వ సెక్షను కేసును కోర్టు అనుమతి లేకయే గాయపడినవాడు రాజీ చేసికొనవచ్చునని సైతము తెలియక ఏండ్ల తరబడి తిరిగినవారు లేకపోలేదు.

1987 నాటి న్యాయసేవా ప్రాధికారముల చట్టము 1995 నవంబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ప్రతి జిల్లాయందును, షోలాపురమున సైతము, దీని క్రింద ఒక ప్రాధికారము కలదు. 12వ సెక్షను నేతవాడలకు ప్రత్యేకముగ పనికివచ్చును. పారిశ్రామిక కార్మికుడు, స్త్రీ, బాలుడు, షెడ్యూల్డు కులముల, తెగల వ్యక్తి, నిర్బంధములోనున్నవాడు — వీరికి ఆదాయపు హద్దు లేకయే ఉచిత న్యాయసేవ లభించును. మరమగ్గపు కార్మికుడు మొదటి మాటను ఆధారముగ చేసికొనవచ్చును. బీడీలు చుట్టు తల్లి రెండవ మాటతోనే అర్హురాలు. ఠాణానుండి కోర్టుకు తేబడినవాడు తుది మాటతో అర్హుడు. ధనికుడైనను నిర్బంధమున అర్హుడే యన్న సంగతిని చాలమంది నమ్మరు. నమ్మక, తొలిదినమున జామీను కొరకు వడ్డీకి అప్పుచేయుదురు.

మరల భాషకు వత్తము. సాక్ష్యమును ముద్దాయికి తెలిసిన భాషలో వినిపింపనిచో విచారణ చెల్లదా? ఈ ప్రశ్న 1966లో మద్రాసునుండి వచ్చిన శివనారాయణ కాబ్రా కేసున సుప్రీంకోర్టు యెదుట నిలిచెను. సాక్ష్యము తనకు తెలియని భాషలో నడచెనని ముద్దాయి మొరపెట్టుకొనెను. అతనికి ఆ భాష తెలిసిన న్యాయవాదులుండిరి, వారు ఆక్షేపింపలేదు. కావున అది సవరింపదగిన లోపమే గాని విచారణను చెరుపు దోషము కాదని కోర్టు తేల్చెను. ఈ తీర్పు బరువు నేతవాడ ముద్దాయి వకీలుపై పడుచున్నది. కక్షిదారునకు సాక్ష్యపు మరాఠీ పూర్తిగ తెలియునా అని మొదటి దినముననే అడిగి, తెలియదన్నచో ద్విభాషిని కోరి, ఆ కోరికను కోర్టు పత్రములలో వ్రాయింపనిచో, అప్పీలునందు ఆ మాట ఎత్తుటకు చోటుండదు. తెలుగుపేటలలో పెరిగిన వకీళ్లు నేడు షోలాపురము కోర్టులలో కలరు గనుక ఇది 1930 నాటికంటె సులభము.

సాక్షులకును ఒక హక్కు కలదు. మేజిస్ట్రేటు వ్రాసికొనిన సాక్ష్యమును సాక్షికి చదివి వినిపింపవలెను. వ్రాత భాష సాక్షికి తెలియనిదైనచో అతనికి తెలిసిన భాషలో తర్జుమాచేసి చెప్పవలెను. తప్పున్నదని అతడన్నచో సరిదిద్దవలెను, లేక ఆ యాక్షేపణను అడుగున వ్రాయవలెను. ఇది 1973 కోడున 278వ సెక్షను, నేటి సంహితలో 313వది. సాఖర్ పేటనుండి సాక్ష్యమునకు పిలువబడినవాడు సంతకము చేయుటకు ముందు ఆ కాగితమున 'కాఠీ' యని వ్రాసిరో 'కత్తి' యని వ్రాసిరో తెలుగున చెప్పుడని అడుగవచ్చును.